మన అక్వేరియం సంఘం వార్షిక నివేదిక: కొనని గుర్రాల సంగతి

సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చుల పట్టిక విడిగా అందుతుంది, లెక్కల జోలికి ఇక్కడ పోను. నెలవారీ సమావేశాలు బ్రహ్మోత్సవాల నెలలో తప్ప మానలేదు. ఆ రద్దీలో తిరుపతిలో ఎవరిని ఎక్కడికి రమ్మంటాం? ఇక ఏడాదంతా మన సమయాన్నీ, కొంత సఖ్యతనూ తినేసిన విషయం ఒక్కటే: సముద్రపు గుర్రాలు.

"గప్పీలు, మోలీలు చాలు, ఈసారి సముద్రపు గుర్రాలు పెంచుదాం" అని కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. కరపత్రంలో మాత్రం "నీటిగుర్రాలు" అని పడింది. వాటికి తొట్టి చాలదు, చెరువు తవ్వించండని ఒక పెద్దాయన ఫోను చేసి మరీ చెప్పారు. తప్పు నాదే.

తొట్టి మా ఇంట్లోనే పెట్టాం. ఈ చేప (అవును, అది చేపే) నిటారుగా ఈదుతుంది, జతకట్టేటప్పుడు ఆడామగా కలిసి పైకి లేస్తాయి. అందుకే తొట్టికి వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం. మన బోరు నీళ్లు పనికిరావు. ఆర్ఓ నీళ్లలో లీటరుకు దాదాపు 35 గ్రాముల చొప్పున అక్వేరియంల కోసం అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపాం. ఆ తర్వాత ఎదురుచూపులే. చేపలు వదిలే అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా ఫిల్టరులో కుదురుకోవడానికి ఆరు వారాలు పట్టింది. అన్నాళ్లూ ఖాళీ తొట్టిని చూడవచ్చి కాఫీ తాగి వెళ్లిన సభ్యులను మా ఇంటావిడ ఇంకా మరచిపోలేదు.

ఈలోగా మేత గురించి చదివితే గుండె జారింది. ఈ జీవికి పళ్లు లేవు, జీర్ణాశయం లేదు. తిన్నది ఒంటబట్టేలోపే బయటికి పోతుంది కనుక రోజుకు రెండు మూడు సార్లయినా మైసిస్ అనే బుల్లి రొయ్యలు వేయాలి. పొడి మేతను చాలావరకు ముట్టదు. తోకతో గడ్డిపోచను పట్టుకుని, దగ్గరికొచ్చినదాన్ని గొట్టంలాంటి మూతితో పీల్చుకోవడమే దానికి తెలిసిన వేట. చురుకైన చేపలతో కలిపి వేస్తే పస్తులే.

అయినా వెనక్కి తగ్గలేదు. చెన్నైలో ఒక దుకాణదారు జత ఇస్తానన్నాడు, బిల్లు మాత్రం ఇవ్వనన్నాడు. అక్కడే అనుమానం వచ్చింది. మన సభ్యుల్లోని వకీలుగారు చట్టం తీసి చూపించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో సముద్రపు గుర్రాలను 2001లోనే చేర్చారు. అంటే పులికి ఉన్న రక్షణే వీటికీ. పట్టినా, అమ్మినా, కొన్నా మూడు నుంచి ఏడేళ్ల జైలు. అంతకుముందు పాక్ జలసంధి, మన్నార్ సింధుశాఖల్లో వీటిని పట్టి, ఎండబెట్టి, చైనా నాటుమందుల కోసం ఎగుమతి చేసేవారు. తొట్టిలో అందం కోసం వేసే పగడాలదీ ఇదే షెడ్యూలు, గుర్తుంచుకోండి.

"బజార్లో దొరుకుతుంటే మనకేం?" అని ఇద్దరు సభ్యులు పట్టుబట్టారు. వారి మాట మినిట్స్‌లో రాశాం, తీర్మానాన్ని రద్దు చేశాం. నా మటుకు నాకు జైలు భయం కంటే, సగం అర్థమైన జీవిని ఇంటికి తేబోయానన్న సిగ్గే ఎక్కువ.

ఉప్పునీటి తొట్టిలో ఇప్పుడు పెంపకంలో పుట్టిన క్లౌన్ చేపల జత ఉంది, బిల్లుతో సహా. మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి నీళ్లు 32 డిగ్రీలకు చేరాయి. సీసాల్లో గడ్డకట్టిన నీళ్లు తేల్చి ఎలాగో బతికించాం. సముద్రపు గుర్రాలైతే ఆ వేడికి విబ్రియో బ్యాక్టీరియా సోకి దక్కేవి కావేమో.

తీర్మానం పోయినా, చదివినది వృథా కాలేదు. ఒక బడిలో పిల్లలకు వీటి గురించి చెప్పాం. ఆడది గుడ్లను మగదాని పొట్టసంచిలో పెడుతుందని, పిల్లలను కనేది మగదేనని చెప్పగానే వెనక బెంచీ అబ్బోడు లేచి, "అయితే వాళ్ల నాయనకు పురుడు ఎవరు పోస్తారు సార్?" అన్నాడు. ఎవరూ పోయరు, కన్న మరుక్షణం నుంచి పిల్లల బతుకు పిల్లలదే అని చెబితే క్లాసంతా గప్‌చుప్.

వచ్చే ఏడాది పులికాట్ సరస్సుకు వెళ్దాం. 2022 నుంచి అందులో చాలా భాగం మన జిల్లాలోనే ఉంది, దూరమనే సాకు చెల్లదు. తొట్టిలో పాచి తినడానికి వేసే సక్కర్ చేపలు పెద్దవైతే వాటిని చెరువుల్లో వదిలేయకుండా సంఘానికి అప్పగించండి. చందా బాకీలు ఈ నెలాఖరులోగా కట్టండి. నా దగ్గర నుంచి ఉప్పు కొలిచే హైడ్రోమీటరు పట్టుకెళ్లిన సభ్యుడు ఎవరో వారికి తెలుసు, నాకూ తెలుసు. దయచేసి తిరిగి ఇవ్వగలరు.

– కార్యదర్శి