పోటీ జరగదమ్మా

చి. బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. నీళ్లలో బతికే భారీ జంతువు మానటీకీ, శంకువులాంటి గుల్లలో ఉండే విషపు కోన్ నత్తకీ పోటీ పెడితే ఏది గెలుస్తుందని నువ్వూ తమ్ముడూ తగువులాడుకుని తీర్పు నన్ను చెప్పమన్నారు. ఆ పోటీ జరగదమ్మా. బతుకంతా మంచినీళ్లలోనే గడిపే మానటీ అమెజాన్ నదిది. నత్తేమో ఉప్పునీళ్లది. నదిలో వేస్తే ముందు పోయేది నత్తే. తమ్ముడికి మెల్లిగా చెప్పు, నత్త పక్షం కదా వాడు.

కానీ మీ జత నాకు భలే నచ్చింది. రెండూ నిదానస్తులే. వెంటపడి పట్టుకోలేనివాళ్లు ఏం తిని బతకాలి?

మానటీ పారిపోని తిండి చూసుకుంది. నీటిగడ్డి, గుర్రపుడెక్క మేస్తుంది. మన చెరువుల్ని కప్పేసే గుర్రపుడెక్క అక్కణ్ణుంచి వచ్చిందే! రోజుకి తన బరువులో 8 శాతం దాకా తింటుంది. నమిలి నమిలి ముందు పళ్లు అరిగి ఊడిపోతుంటే, వెనకవి ముందుకి జరుగుతూ వస్తాయి. ఎండాకాలం నది తీసిందంటే నెలల తరబడి ఒంట్లో కొవ్వు మీదే గడిపేస్తుంది. దానికి ఆయుధంతో పనేముంది?

కోన్ నత్తల్లో ఎక్కువ జాతులు పురుగుల్ని తింటాయి. కొన్నిటికి మాత్రం చేపే కావాలి. తొండం మెల్లిగా చాపి, ఇంజెక్షన్ సూదిలా బోలుగా ఉండే పంటిని చేపలోకి దించుతుంది. క్షణాల్లో చేప కొయ్యబారిపోతుంది. ఆ పన్ను ఒక్కసారికే, తర్వాతి వేటకి ఇంకోటి. విషం అంత ఘాటెందుకంటే, కుట్టించుకున్న చేప రెండు బారలు ఈదిపోయినా ఇక దీనికి దక్కదు. జాగ్రఫీ కోన్ అనేది ఇంకా గడుసుది. నీళ్లలోకి ఇన్సులిన్ వదిలి, చేపల ఒంట్లో చక్కెర పడిపోయి అవి మందకొడిగా అయ్యేలా చేస్తుంది. ఈ సంగతి అమ్మమ్మకి చెప్పకు, రేపణ్ణుంచి ఇంజెక్షన్ మానేస్తుంది.

మెజీషియన్ కోన్ అనే ఇంకో జాతి విషంలోని ఒక పదార్థాన్ని చూసి జికోనొటైడ్ అనే నొప్పి మందు చేశారు. అమెరికాలో 2004లో అనుమతించారు. మామూలు మందులకి లొంగని నొప్పికి వెన్ను ద్రవంలోకి ఎక్కిస్తారు.

సెలవులయ్యాక తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గరికి వెళదామన్నావు, వెళదాం. కోన్ నత్తలు మన తూర్పు తీరంలోనూ ఉన్నాయి. శంకువులా ఉండి లోపల ప్రాణమున్నది కనిపిస్తే ముట్టుకోవద్దు. వెడల్పు వైపు పట్టుకున్నా దాని తొండం వేలిదాకా వస్తుంది. జాగ్రఫీ కోన్ కుట్టి మనుషులు పోయారు, విరుగుడు మందు లేదు. ఆర్కే బీచ్‌లో బండి మీద అమ్మేవి ఖాళీవి, అవి నీకెన్ని కావాలంటే అన్ని కొంటాను. తమ్ముడికి కూడా.

నాన్న
విశాఖపట్నం