బరువు తగ్గేవారికి సాటివారి తోడు

సంపాదకులకు నమస్కారం.

పత్రికల ఆరోగ్య పేజీల్లో బరువు తగ్గడానికి ఏం తినాలో, ఏం మానాలో, ఎంతసేపు నడవాలో చెప్పే వ్యాసాలు తరచుగా వస్తుంటాయి. వాటిలో చాలావరకు మంచి సలహాలే ఉంటాయి. అయితే ఆ సలహాను నిజంగానే ఆచరణలో పెట్టిన మనిషి, మూడో వారంలోనో నాలుగో నెలలోనో ఉత్సాహం సన్నగిల్లినప్పుడు ఎవరిని పలకరించాలన్న విషయం వాటిలో ఎక్కడో గాని కనబడదు. మందులూ శస్త్రచికిత్సలూ కఠినమైన ఉపవాసాలూ లేకుండా, రోజువారీ అలవాట్లను కొద్దికొద్దిగా మార్చుకుంటూ బరువు తగ్గాలనుకునేవారు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చిన్న చిన్న బృందాలుగా చేరి ఒకరికొకరు తోడుగా నిలుస్తున్నారు. అలాంటి ఒక బృందంలో కొంతకాలంగా ఉన్నదాన్ని కాబట్టి, ఆ తోడు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చెడగొడుతుందో తోటి పాఠకులతో పంచుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 250 కోట్ల మంది పెద్దలు ఉండవలసినదానికంటే ఎక్కువ బరువుతో ఉన్నారు. వారిలో 89 కోట్ల మందికి ఊబకాయం ఉంది. ఇంతమందిని పట్టి పీడిస్తున్న సమస్యను కూడా లోకం ఇప్పటికీ ఒక మనిషి నోరు కట్టుకోలేకపోవడంగానే చూస్తుంది. అందుకే లావుగా ఉన్నవారిలో చాలామంది తమ ప్రయత్నాన్ని ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టి, ఎవరికీ చెప్పకుండానే మానేస్తారు. ఎవరికీ తెలియని ప్రయత్నాన్ని మానేయడం చాలా తేలిక.

తీపి పానీయాల బదులు నీళ్లు తాగడం, పళ్లెంలో కూరగాయల వాటా పెంచడం, ఫోను చూస్తూ తినకపోవడం, రాత్రి వేళకు పడుకోవడం, వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవడం వంటి మార్పుల్లో ఒక్కదానికీ ప్రత్యేకమైన నేర్పు అక్కరలేదు. కష్టమంతా ఫలితం కంటికి ఆనకపోవడంలోనే ఉంది. వైద్యులు క్షేమమని చెప్పే వేగం వారానికి అరకిలో నుంచి కిలో వరకు మాత్రమే. ఉప్పు ఎక్కువైన ఒక భోజనం వల్లనో, నెలసరి వల్లనో, మలబద్ధకం వల్లనో ఒంట్లో నీరూ బరువూ అటూ ఇటూ అయి, తూకం ఒక్క రోజులోనే కిలో దాకా మారవచ్చు. అంటే నిజంగా కొవ్వు తగ్గిన వారంలోనే తూకం పెరిగినట్టు చూపించే అవకాశం ఉందన్నమాట. మొదటి వారాల్లో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన భ్రమ కలుగుతుంది. శక్తి కోసం శరీరం దాచుకునే గ్లైకోజెన్ అనే పిండిపదార్థపు నిల్వలో ప్రతి గ్రాముకూ దాదాపు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది కనుక, తిండి తగ్గించగానే ఆ నిల్వతో పాటు నీరు కూడా పోయి, బరువు చకచకా దిగినట్టు కనిపిస్తుంది. ఆ వేగం ఆగిపోగానే, చేస్తున్నదంతా వృథా అనిపించి ఎంతోమంది అక్కడితో వదిలేస్తారు.

ఆ ఘట్టంలో ఇంటివారి మాట ఎక్కువగా సాయపడదు. వారికి ప్రేమ లేక కాదు. "ఇంకా ఏమీ తగ్గినట్టు లేవే" అని ఒకరు, "ఈ ఒక్క పూటకు ఏమీ కాదులే, తిను" అని మరొకరు అంటారు. రెండూ అభిమానంతో అన్న మాటలే, రెండూ నడిచేవారి కాళ్లకు అడ్డుపడేవే. అదే దారిలో ఉన్న ఒక అపరిచితురాలు "నాకూ ఐదో వారంలో ఇలాగే ఆగింది, నడక మాత్రం మానలేదు, తరువాత మళ్లీ కదిలింది" అని రాస్తే ఆ మాటకు ఉన్న బలం వేరు. ఆమె ఓదార్చడానికి అలా రాయలేదు, తనకు జరిగింది చెప్పింది.

ఇది ఇంటర్నెట్‌తో పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో 1948లోనే బరువు తగ్గదలచినవారి పరస్పర సహాయ సంఘం ఒకటి ఏర్పడింది. న్యూయార్క్ నగరంలో జీన్ నైడెచ్ అనే గృహిణి 1961లో తనలాగే బరువుతో అవస్థ పడుతున్న స్నేహితురాళ్లను ఇంటికి పిలిచి వారంవారం మాట్లాడుకోవడం మొదలుపెట్టింది; ఆ ముచ్చట్లే రెండేళ్లలో వెయిట్ వాచర్స్ అనే సంస్థగా మారాయి. (అది తరువాత పెద్ద వ్యాపారమైంది, ఇలాంటి కలయికల చుట్టూ వ్యాపారం ఎంత త్వరగా మూగుతుందో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కరలేదు.) ఈ తోడుకు పరిశోధనల ఆధారమూ ఉంది. రీనా వింగ్, రాబర్ట్ జెఫ్రీ అనే పరిశోధకులు 1999లో ప్రచురించిన అధ్యయనంలో, ఒంటరిగా చేరి మామూలు శిక్షణ పొందినవారిలో 76 శాతం మంది నాలుగు నెలల కార్యక్రమాన్ని పూర్తి చేయగా, స్నేహితులతో కలిసి చేరి పరస్పర సహకారం పొందినవారిలో 95 శాతం మంది పూర్తి చేశారు. అంతకంటే ముఖ్యమైన సంగతి ఆ తరువాతి ఆరు నెలల్లో తేలింది. తగ్గిన బరువును పూర్తిగా నిలుపుకున్నవారు మొదటి వర్గంలో 24 శాతం మందే కాగా, రెండో వర్గంలో 66 శాతం మంది ఉన్నారు. ఇది ముఖాముఖి కలుసుకున్న స్నేహితులపై జరిగిన అధ్యయనం కనుక, ఫోను తెరమీద పరిచయమైనవారికి ఈ అంకెలను యథాతథంగా అన్వయించడం సరికాదు. అయినా ఆన్‌లైన్ బృందానికి ఇంటి ముందు గదిలో దొరకని సౌలభ్యం ఒకటి ఉంది. నలుగురి కళ్లముందు నడవడానికే బిడియపడే మనిషి అక్కడ ముఖం చూపకుండా మాట్లాడగలదు. అర్ధరాత్రి ఆకలి వేసి వంటగది వైపు కాళ్లు లాగుతున్నప్పుడు కూడా ఎవరో ఒకరు మేలుకుని ఉంటారు.

ఇక చెడగొట్టే సంగతి. చాలా బృందాలు మొదట్లోనే ఒక పొరపాటు నియమం పెట్టుకుంటాయి: ప్రతి సోమవారం అందరూ తమ బరువు ప్రకటించాలి. చూడడానికి క్రమశిక్షణలా కనిపించే ఈ పద్ధతి కొద్ది వారాల్లోనే పరుగుపందెంగా మారుతుంది. ఎక్కువ తగ్గినవారికి చప్పట్లు పడతాయి. తగ్గనివారు మొదట సాకులు చెబుతారు, తరువాత మౌనం వహిస్తారు, ఆ పైన బృందం నుంచి వెళ్లిపోతారు. ఎవరికి తోడు అత్యంత అవసరమో వారే ముందుగా జారిపోతారు. మిగిలినవారిలో కొందరు సోమవారం తూకం కోసం ఆదివారం నీళ్లు కూడా తగ్గించుకుంటారు. భోజనాలు ఎగ్గొట్టి వేగంగా బరువు దించుకుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుందనీ, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుందనీ వైద్యులు చెబుతూనే ఉన్నారు. చప్పట్ల మోతలో అది ఎవరికీ వినపడదు.

నా అభిప్రాయం ఒక్కటే. బృందంలో ఒకరినొకరు అడగవలసింది ఎన్ని కిలోలు తగ్గావని కాదు, ఈ రోజు ఏం చేశావని. ఈ వారం తూకం ఎంత చూపాలన్నది ఎవరి చేతిలోనూ లేదు. ఈ సాయంత్రం అరగంట నడవడం మాత్రం చాలామంది చేతిలో ఉంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మందితో జరిపి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒక కొత్త పని ఆలోచించకుండానే చేసే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టవచ్చని తేలింది. అయితే మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉండవచ్చు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడే క్రమం చెడిపోలేదన్నది అందులో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. ఒక రోజు నడక తప్పగానే అంతా పోయిందని కుంగిపోయే మనిషికి, మరునాడు పొద్దున "ఈ రోజు నడిచావా?" అని ఒక్క మాట పలకరించేవారుంటే ఆ తప్పిన రోజు తప్పిన రోజుగానే మిగిలిపోతుంది, తప్పిన నెలగా మారదు.

చేసిన పనిని లెక్కించడం వల్ల ఫలితం రాదని భయపడనక్కరలేదు. మధుమేహం వచ్చే ప్రమాదం ఉన్న మూడు వేల మందికి పైగా పెద్దలపై అమెరికాలో జరిగి 2002లో ప్రచురితమైన ప్రసిద్ధ పరీక్షలో, వారానికి 150 నిమిషాల వ్యాయామం, ఒంటి బరువులో 7 శాతం తగ్గించడం లక్ష్యంగా పెట్టుకున్నవారికి మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో ఆ తగ్గుదల 31 శాతం మాత్రమే. 90 కిలోల మనిషికి 7 శాతమంటే ఆరు కిలోల పైచిలుకే, అద్దంలో పెద్దగా తేడా కూడా తెలియదు. పైగా వారి చేతిలో ఒక పట్టిక పెట్టి ఇంటికి పంపేయలేదు. మొదటి 24 వారాల్లో ప్రతి ఒక్కరినీ ఒక శిక్షకుడు విడివిడిగా కలుసుకుని, 16 పాఠాల క్రమంలో అలవాట్ల గురించి మాట్లాడుతూ వచ్చారు. అలాంటి శిక్షకుడు అందరికీ దొరకడు. సాటివారు ఆయన చదువుకు ప్రత్యామ్నాయం కాలేరు గాని, ఆయన అడిగే ప్రశ్నలు మాత్రం అడగగలరు.

బృందం చిన్నదిగా ఉండడం కూడా ముఖ్యమే. వేలమంది సభ్యులున్న చోట ఎవరు మాయమైనా ఎవరికీ తెలియదు. పది పన్నెండు మంది ఉన్నచోట నాలుగు రోజులు పలకని మనిషి కోసం ఎవరో ఒకరు ఆరా తీస్తారు. ఇంకో విశేషం కూడా చూశాను: ఇతరులకు ధైర్యం చెప్పేవారే ఎక్కువకాలం నిలబడతారు. వాన పడుతున్నా నడకకు వెళ్లమని పొద్దున్నే ఒకరికి రాసిన మనిషి, తాను దుప్పటి ముసుగేసుకుని పడుకోవడానికి కొంచెం సిగ్గుపడుతుంది.

బృందానికి కొన్ని హద్దులు ఉండాలి. రక్తపోటుకో మధుమేహానికో మందులు వాడుతున్నవారికి బరువు తగ్గేకొద్దీ మోతాదు మార్చవలసి రావచ్చు. అది వైద్యులు తేల్చవలసిన విషయం. "నేను మానేశాను, నాకేమీ కాలేదు" అని ఒక సభ్యుడు రాసే వాక్యం మరొకరి ప్రాణం మీదికి తేవచ్చు. గర్భిణులు, తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు ఉన్నవారు బృందం మాటకంటే ముందు వైద్యుల మాట వినాలి. పొడులో, టీలో, "కోచింగ్" ప్యాకేజీలో అమ్ముకోవడానికి సభ్యుల వేషంలో చేరేవారిని అడ్మిన్లు మొదటి పోస్టుకే తొలగించాలి. మొహమాటపడితే నెల తిరిగేసరికి అది బజారవుతుంది. ఫోటోలు, రక్తపరీక్షల కాగితాలు అక్కడ పెట్టకపోవడమే మేలు, ఎందుకంటే ఒకసారి బయటపడినవాటిని వెనక్కి తీసుకోలేం.

అనుకున్న బరువుకు చేరగానే బృందం విడిపోవడం నాకు అర్థం కాని మరో ఆనవాయితీ. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. బరువు తగ్గిన శరీరానికి మునుపటికంటే తక్కువ శక్తి సరిపోతుంది, ఆకలి మాత్రం మునుపటికంటే ఎక్కువ వేస్తుంది. కనీసం 13 కిలోలకు పైగా తగ్గి, ఏడాదికి తక్కువ కాకుండా దాన్ని నిలుపుకున్నవారి వివరాలను అమెరికాలో 1994 నుంచి ఒక జాతీయ నమోదు పట్టికలో సేకరిస్తున్నారు. వారిలో 90 శాతం మంది రోజుకు సగటున గంటసేపు ఏదో ఒక వ్యాయామం చేస్తారు, 75 శాతం మంది వారానికి ఒకసారైనా బరువు చూసుకుంటారు. మరి బరువు ప్రకటించవద్దని నేను పైన రాసినదానికి ఇది విరుద్ధం కాదా అని పాఠకులు అడగవచ్చు. చూసుకోవడం వేరు, నలుగురిలో చాటడం వేరు. ఆ అంకె తనకూ తన వైద్యులకూ మధ్య ఉంటే అది సమాచారం. వారంవారం అది నెమ్మదిగా పైకి పాకుతోందని గమనించిన మనిషి ఆగిపోయిన నడకను మళ్లీ మొదలుపెట్టడానికి అది చాలు. బృందానికి ఆ నడక సంగతి తెలిస్తే సరిపోతుంది.

చివరగా మీకు ఒక విన్నపం. బరువు తగ్గినవారి విజయగాథలు ప్రచురించేటప్పుడు అప్పటి ఫోటో, ఇప్పటి ఫోటో పక్కపక్కన వేసి, ఇన్ని రోజుల్లో ఇన్ని కిలోలు అని శీర్షిక పెట్టే పద్ధతిని దయచేసి పునరాలోచించండి. ఆ మనిషిని ఏడాది ఆగి పలకరించి, ఇప్పుడు ఏ అలవాట్లు మిగిలాయో, ఏవి జారిపోయాయో, జారిపోయినప్పుడు ఎవరు పలకరించారో అడిగి రాయించండి. కొత్తగా మొదలుపెట్టేవారు తమ బృందాన్ని ఎలా నడుపుకోవాలో తెలుసుకోవడానికి ఆ జవాబులు పనికొస్తాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు