ఐక్య క్రిస్మస్ వేదిక దిగాక

సంపాదకుల వారికి,

డిసెంబరు వచ్చిందంటే జిల్లా పేజీల నిండా ఐక్య క్రిస్మస్ వార్తలే. లూథరన్, బాప్టిస్టు, సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), పెంతెకొస్తు, ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) సంఘాల కాపరులు ఒకే వేదిక ఎక్కుతారు, కేకు కోస్తారు, పక్కన ఎమ్మెల్యే గారు నిలబడతారు. సంతోషమే. కానీ ఆ సంఘాలు మళ్లీ ఒకచోట కనబడేది వచ్చే డిసెంబరుకే. ఈలోపు తుపాను వస్తుంది, మిర్చి ధర పడిపోతుంది, ఒక ఇంట్లో సంపాదించే మనిషి పోతాడు. అప్పుడు ఎవరి మందను వాళ్లు చూసుకుంటారు. ఏ గుడికీ సరిగ్గా వెళ్లని ఇల్లు ఎవరి లెక్కలోకీ రాదు. కష్టకాలంలో ఊళ్లోని సంఘాలు కలిసి పనిచేయాలంటే ఏం చేయాలి, ఎక్కడ చెడుతుంది అన్నది రాస్తున్నాను. వీలుంటే ప్రచురించండి.

మొదటిది ఇంటి ప్రార్థన. దుఃఖంలో ఉన్నవాళ్లను గుడికి రమ్మనకూడదు, మనమే వెళ్లాలి. మూడు సంఘాలుంటే ఇద్దరిద్దరు చొప్పున ఆరుగురు చాలు. ఇరవై మంది వెళ్తే ఆ ఇంటివాళ్లు ఏడవడం మానుకుని కుర్చీల కోసం పరుగెత్తాలి. టీ ఫ్లాస్కు మనతోనే తీసుకెళ్లాలి. మైకు వద్దు. మొత్తం నలభై నిమిషాలు మించకూడదు. అందరికీ నోటికి వచ్చిన పాత కీర్తన ఒకటి, రెండు చరణాలు. తర్వాత బైబిలు పఠనం. ఆ తర్వాత పది నిమిషాలు ఆ ఇంటివాళ్లు మాట్లాడితే వినాలి, మాట్లాడకపోతే ఊరికే కూర్చోవాలి. వాక్యం, అంటే ప్రసంగం, ఐదు నిమిషాలే. చివర ప్రార్థన, అందరూ కలిసి ప్రభువు నేర్పిన ప్రార్థన.

ఈ చివరి దగ్గరే ఒక చిన్న తడబాటు వస్తుంది. ఆర్‌సీఎం వాళ్లు కీడు నుండి రక్షించమన్న దగ్గర ఆపేస్తారు. మిగతావాళ్లు రాజ్యము, బలము, మహిమ అంటూ ముందుకు పోతారు. సగం మంది ఆగి, సగం మంది సాగితే ఇద్దరికీ ఇబ్బందే. ఎక్కడ ఆపాలో గడప దాటకముందే అనుకుంటే సరిపోతుంది.

చదవడానికి అందరూ బైబిల్లోని 23వ కీర్తనే, “యెహోవా నా కాపరి”నే తీస్తారు. నిన్నో మొన్నో మనిషిని పోగొట్టుకున్న ఇంట్లో నేనైతే 13వ కీర్తన చదవమంటాను. ఆరే వచనాలు, నిమిషంలో అయిపోతుంది. ఇంకెన్నాళ్లు మరచిపోతావని దేవుణ్ని నిలదీయడంతో మొదలవుతుంది. ఆ ఇంటివాళ్లు బయటికి అనలేని మాట బైబిల్లోనే ఉందని వాళ్లకు తెలియాలి. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద మౌనంగా కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే, నోరు విప్పాకే చెడ్డారు. మన ఊళ్లలోనూ అంతే. “ఎక్కడో లోపం ఉంది”, “విశ్వాసం ఉంటే బతికేవాడు” అనే మాటలు వచ్చేది ఓదార్చడానికి వెళ్లిన నోళ్ల నుంచే. గుడిలో సమాధానం అంటే శాంతి, వీధిలో సమాధానం అంటే జవాబు. ఏడుస్తున్నవాళ్లకు రెండోది ఇవ్వబోయి మొదటిది పోగొడతాం. ప్రార్థన చేశాం కాబట్టి బీపీ మాత్రలు, టీబీ మందులు ఆపేయమని చెప్పేవాళ్లను మాత్రం ఏ సంఘం వాళ్లయినా సరే, మళ్లీ ఆ జట్టులో పంపకూడదు.

ఇంకో పొరపాటు, అందరూ మొదటి వారంలోనే వెళ్లడం. అప్పుడు ఇల్లు బంధువులతో నిండి ఉంటుంది. మూడో వారం వస్తుంది, బంధువులు పోతారు, అప్పులవాళ్లు వస్తారు. ఆ రోజుల్లో గుమ్మంలో ఎవరూ ఉండరు. మూడో వారానికి ఒక తేదీ, మూడో నెలకు ఒక తేదీ ముందే రాసుకుని, ఎవరెవరు వెళ్లాలో పేర్లు వేసుకోవాలి.

రెండోది బియ్యం. మన సంఘాల్లో పిడికెడు బియ్యం పద్ధతి పాతదే. ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తుంది, ఆదివారం గుడికి తెస్తుంది. కొరింథు సంఘానికి పౌలు చెప్పింది కూడా ఇదే, వారం మొదటి రోజున ఎవరి దగ్గర వాళ్లు కొంత తీసిపెట్టమని. పిడికెడు అంటే సుమారు 40 గ్రాములు. రెండు పూటలకు 80, వారానికి 560. నలభై ఇళ్లు వేస్తే వారానికి 22 కిలోలు దాటుతాయి. రోజుకు కిలోన్నర వండుకునే నలుగురున్న ఇంటికి అది పదిహేను రోజుల తిండి. చాలా గుళ్లలో ఈ బియ్యాన్ని ఆరాధన అయ్యాక వేలం వేసి డబ్బు సంఘం నిధిలో కలిపేస్తారు. నెలలో కనీసం రెండు ఆదివారాలు వేలం ఆపి, మూడు సంఘాల బియ్యం ఒకచోట చేరిస్తే చాలు.

చేర్చేటప్పుడు డ్రమ్ములు రెండు పెట్టాలి, సన్నబియ్యానికి ఒకటి, దొడ్డుబియ్యానికి ఒకటి. కలిపేస్తే సగం మెత్తబడి సగం పలుకుగా ఉంటుంది, తీసుకున్నవాళ్లు దానం బియ్యం ఇంతే అనుకుంటారు. రేషన్ బియ్యంలో ఒక్కోసారి నీళ్ల మీద తేలే గింజలు కనిపిస్తాయి. అవి వందకు ఒకటి చొప్పున కలిపిన, పోషకాలు చేర్చిన గింజలు, ప్లాస్టిక్ బియ్యం కాదు. ఏరి పారేయొద్దని స్త్రీల సమాజంలో ఒకసారి చెబితే మంచిది. ముక్కపురుగు పట్టకుండా ఎండిన వేపాకు గుడ్డలో మూటగట్టి వేయాలి, పదిహేను రోజులకు మించి డ్రమ్ములో ఉంచకూడదు. డ్రమ్ము నిండాక ఇద్దామనుకుంటే పురుగే ముందు తింటుంది.

తుపాను, వరద అయితే లెక్క వేరు. పొయ్యి మునిగిన ఇంటికి బియ్యం బస్తా ఇచ్చి ఏం లాభం? మొదటి రెండు రోజులు వండిన తిండి, మూడో రోజు నుంచి బియ్యం, పప్పు, నూనె. వండినదాంట్లో పులిహోర నిలుస్తుంది, సాంబారన్నం నాలుగు గంటల్లోనే పులుపెక్కుతుంది. పులిహోరైనా సరే వేడివేడిగా కవర్లో కడితే లోపల చెమట పట్టి పాడవుతుంది. శుభ్రమైన గుడ్డ మీద పలచగా పరిచి ఆరబెట్టి, అప్పుడు పొట్లం కట్టాలి. హడావిడిలో అందరూ వదిలేసేది ఈ అరగంటనే. పొట్లాలు రోడ్డు పక్క ఇళ్లకే రెండేసి, మూడేసి అందుతాయి, లోపలి వీధులకు అందవు. ముగ్గురు నడిచి లోపలి చివర నుంచి పంచుకుంటూ రావాలి.

పంపకం దగ్గరే గొడవలు. ఆది సంఘంలో వచ్చిన మొదటి పెద్ద తగవూ దీనిదే. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అనుదిన వడ్డనలో తక్కువ పడుతోందని సణుగు బయల్దేరింది. ఏడుగురిని ఎంచుకుని ఆ పని అప్పగించారు, ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అన్యాయం జరిగిందన్నవాళ్ల చేతికే గరిటె ఇచ్చారన్నమాట. మన ఊళ్లలో సంఘాలు వేరుపడింది చాలాచోట్ల బాప్తిస్మం ఎప్పుడు, ఎలా ఇవ్వాలన్న దగ్గర కాదు, కులానికొకటిగా ఉన్న పల్లెల దగ్గర. ఏ పల్లె గుడి ఆ పల్లెదే. అందుకని పంపకం జట్టులో ప్రతి పల్లె మనిషీ ఉండాలి, ఆడవాళ్లు సగమైనా ఉండాలి, ఏ ఇంట్లో పొయ్యి వెలగలేదో వాళ్లకే తెలుస్తుంది కాబట్టి. డ్రమ్ము ఉన్న గది తాళం ఒక సంఘం దగ్గర, లెక్కల పుస్తకం ఇంకో సంఘం దగ్గర, డబ్బు మూడో సంఘం దగ్గర ఉండాలి. నెలకోసారి వచ్చిందెంత, పోయిందెంత ఒక కాగితం మీద రాసి ప్రతి గుడి గోడకూ అంటించాలి. తీసుకున్నవాళ్ల పేర్లు మాత్రం గోడ మీద వద్దు, “నాలుగు ఇళ్లకు 60 కిలోలు” అంటే చాలు. ఇచ్చేటప్పుడు ఫొటో తీయడం అసలే వద్దు.

ఇక బాప్తిస్మం సంగతి. 1876-78లో, ధాత నామ సంవత్సరపు పేరుతో చెప్పుకునే ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని ఒప్పుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇప్పించాడు. వాళ్లలో ఎందరో బాప్తిస్మం అడిగినా కరువు తీరేదాకా ఇవ్వనన్నాడు. తిండి కోసం వచ్చారో, నమ్మి వచ్చారో వాళ్లకే తేటపడాలని. వానలు పడి, సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీళ్లలో నిలబడి ఇచ్చారు. ఆ సంఖ్యను సభల్లో గొప్పగా చెబుతాం, దానికి ముందు ఆయన ఆగిన నెలల్ని చెప్పం. కష్టంలో సాయం అందుకున్న ఇంటిని ఆ సాయం నడుస్తున్నన్నాళ్లూ ఏ సంఘమూ తన పుస్తకంలో రాసుకోకూడదన్న ఒప్పందం ముందే జరగాలి. ఇది లేకపోతే రెండో నెలకే “మా మనుషుల్ని లాక్కున్నారు” అనే మాట వస్తుంది. హిందూ, ముస్లిం ఇళ్లకు వెళ్లినప్పుడు మరీ ముఖ్యం. బియ్యం ఇచ్చి రావాలి, ప్రార్థన వాళ్లు అడిగితేనే.

ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం), బాప్తిస్మం విషయాల్లో కలవాలని ఈ పనిలో పట్టుబట్టొద్దు. 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో మొదలైన ఐక్యత చర్చలు 1947 సెప్టెంబరు 27న సీఎస్‌ఐగా తేలడానికి 28 ఏళ్లు పట్టింది. మొదటి నుంచీ ముందు నిలిచిన దోర్నకల్ బిషప్ అజరయ్య ఆ రోజు చూడకుండానే 1945లో కన్నుమూశారు. అంతా అయ్యాక కూడా మన లూథరన్, బాప్టిస్టు సంఘాలు బయటే ఉన్నాయి. ఆ తేడాలు పెద్దలు తేల్చుకుంటారు. డ్రమ్ములో బియ్యం వేయడానికి అవి అడ్డం రావు.

క్రైస్తవ ఐక్యత ప్రార్థన వారం ఏటా జనవరి 18 నుంచి 25 దాకా. క్రిస్మస్ అప్పులు తేలే రోజులు కూడా అవే. మూడు సంఘాలు కూర్చుని రెండు డ్రమ్ములు, ఒక పుస్తకం కొనుక్కోవడానికి ఆ వారం సరిపోతుంది. ఫిబ్రవరి చివర మీ విలేకరి ఎవరైనా గుడి గోడ మీది లెక్కల కాగితం ఫొటో పంపితే, కేకు ఫొటోకు ఇచ్చినంత చోటు దానికీ ఇవ్వమని మనవి.

ఇట్లు,
ఒక సంఘ పెద్ద,
ప్రకాశం జిల్లా