పెంచేవాళ్లకూ ఒక చోటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు ఫోను వదలడం లేదని, అన్నం తినడం లేదని, మార్కులు తెచ్చుకోవడం లేదని పత్రికల్లో వారం వారం సలహాలు చదువుతూనే ఉన్నాం. ఆ పిల్లల్ని పెంచుతున్నవాళ్లు ఎలా ఉన్నారని అడిగే మాట మాత్రం ఎక్కడా కనబడదు. బెంగళూరులో మారతహళ్లి దగ్గర నేనొక చిన్న డే కేర్ నడుపుతున్నాను. మా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో చాలావరకు తెలుగువాళ్లే. సాయంత్రం పిల్లల కోసం వచ్చే తల్లిదండ్రుల ముఖాలు రోజూ చూస్తాను కాబట్టి ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

ఒక తల్లి స్కూటరు ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా గేటు బయటే కాసేపు నిలబడిపోతుంది. కిటికీలోంచి చూసిన పిల్లాడు లోపల గంతులేస్తుంటాడు. ఔటర్ రింగ్ రోడ్డు మీద నలిగి నలిగి వచ్చిన మనిషి, వాడి ముందు నవ్వు ముఖంతో నిలబడడానికి ఓపిక కూడదీసుకుంటోందని నాకు తెలుసు. ఇంటికి వెళ్లాక వంట, హోంవర్కు, పిల్లాడు పడుకున్నాక అమెరికా వాళ్లతో ఆఫీసు కాల్. ఇంకొక తండ్రి నా ఎదుట కుర్చీలో కూర్చుని, "రాత్రి పాపను కొట్టానండీ. లెక్క తప్పు చేసినందుకు కాదు, నా చిరాకు కొద్దీ కొట్టాను" అన్నాడు. చెబుతున్నంతసేపూ పాప నీళ్ల సీసా మూత తిప్పుతూ, మళ్లీ బిగిస్తూ ఉన్నాడు. పిల్లలంటే ప్రాణం పెట్టే మనుషులు వీళ్లు. ఆ మాట ఇంట్లో అంటే గొడవ, ఆఫీసులో అంటే చులకన. ఇక మిగిలింది నేను. నాకా, అప్పటికే ఇంకో నలుగురు పిల్లలకు చెప్పులు తొడగాలి.

మన ఊళ్లలో బిడ్డను పెంచడం ఇద్దరి వల్ల అయ్యే పని అని ఎవరూ అనుకోలేదు. పుట్టింట్లో పురుడు పోసుకుని అయిదో నెలలో బిడ్డతో వచ్చిన కోడలికి అత్తగారో, తోటికోడలో, పక్కింటి పిన్నో ఉండేవారు. సాధింపులూ ఉండేవి, కాదనను. అయినా రాత్రంతా ఏడ్చే బిడ్డను అందుకోవడానికి ఇంకొక జత చేతులు ఉండేవి. ఇక్కడ ఆ అమ్మాయి ఎనిమిదో అంతస్తులో తలుపు వేసుకుని ఒంటరిగా ఉంటుంది. వాళ్లమ్మ కొన్నాళ్లు, అత్తగారు కొన్నాళ్లు వచ్చి ఉంటారు. భాష రాని ఊళ్లో, కింద ఎవరున్నారో తెలియని ఇంట్లో తోచక వెళ్లిపోతారు. కర్నూలు, అనంతపురం జిల్లాల నుంచి భవనాల పనికి వచ్చి రేకుల షెడ్లలో ఉండేవాళ్లకైతే అలా వచ్చి ఉండే దిక్కు కూడా లేదు.

వైద్యం లేదని నేను అనడం లేదు. ప్రసవం తర్వాత తీవ్రమైన మానసిక వ్యాధి వస్తే తల్లినీ బిడ్డనూ కలిపి చేర్చుకునే విభాగం ఇక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లోనే ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన, మానసిక ఆరోగ్యానికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళప్పుడు ఫోను చేసినా పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అవసరమైనవాళ్లు తప్పక వాడుకోవాలి. నేను అడుగుతున్నది అంతకంటే ముందు మెట్టు గురించి. జబ్బు అని పేరు పెట్టేంత లేకపోయినా, రోజూ అంచు మీద నడుస్తున్న తల్లికి, తండ్రికి, "మా ఇంట్లోనూ ఇంతే" అనే ఇంకొక తల్లో తండ్రో ఎదురుగా కూర్చుని కావాలి.

అలాంటి ప్రయత్నం 1969లోనే అమెరికాలోని కాలిఫోర్నియాలో మొదలైంది. తన బిడ్డ మీద తన చెయ్యే లేస్తోందని భయపడిన ఒక తల్లి, లెనార్డ్ లీబర్ అనే సామాజిక కార్యకర్త సాయంతో, తనలాంటి తల్లుల్ని కూడదీసింది. ఆ బృందాలే తర్వాత పేరెంట్స్ అనానిమస్ అనే సంస్థ అయ్యాయి. వాళ్ల పద్ధతిలో నాకు నచ్చింది ఒకటుంది. బృందాన్ని నడిపేది ఒక తల్లి లేదా తండ్రి. శిక్షణ ఉన్న వ్యక్తి పక్కన తోడుగా ఉంటారు. పెద్దలు మాట్లాడుకుంటున్నంతసేపూ పిల్లలకు విడిగా ఆటపాటలు ఉంటాయి. ఆ చివరిది చిన్న ఏర్పాటులా కనిపిస్తుంది గానీ, పిల్లల్ని ఎవరికి అప్పగించాలో తెలియకపోతే ఏ తల్లీ రాదు.

అయినా నలుగురు ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుంటే ఏమవుతుందో తెలుగువాళ్లకు అమెరికా చెప్పాలా? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి చేరిన ఆడవాళ్లు, ప్రతి ఇంట్లోనూ ఏడుపు ఒకటేనని అక్కడే గుర్తించారు. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చేదాకా ఆగలేదు. పొదుపు సంఘాలను ఊరూరా నడుపుకుంటున్న జనం మనం. డబ్బు లెక్కలకు కూర్చున్నంత సహజంగా మనసులో మాట చెప్పుకోవడానికి కూర్చోలేకపోతున్నాం. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని విని పెరిగాం కదా. మగవాళ్ల సంగతి మరీ కష్టం. స్థలాల ధరలు, ట్రాఫిక్, వాయిదాలు అన్నీ మాట్లాడుకుంటారు, ఇది తప్ప.

చెప్పుకున్నది కాలనీ అంతా పాకుతుందన్న భయం ఉత్త భయం కాదు. అందుకే ఏ అపార్ట్‌మెంట్ బృందం ఆ అపార్ట్‌మెంట్‌లో కూడకూడదు. పిల్లల బడివాళ్లు అందులో ఉండకూడదు. ఇంటిపేరు, జీతం, ర్యాంకు ఎవరూ అడగకూడదు. అడగనిదే సలహా ఇవ్వకూడదు. మనవాళ్లకు అన్నిటికంటే కష్టమైన నియమం ఈ చివరిదే. ఇంకొక మాట కచ్చితంగా చెప్పాలి. బిడ్డకు నిజంగా ప్రమాదం ఉందని తెలిస్తే ఆ సంగతి గదిలో దాచిపెట్టేది కాదు, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను వెళ్లాల్సిందే. ఇది చేరే రోజునే అందరికీ చెప్పాలి. ఇలాంటి సందర్భాలను గుర్తుపట్టడానికే శిక్షణ ఉన్న మనిషి కావాలి. ఆ మనిషి లేకపోతే అది పదిమంది సలహాల సంతగా మిగిలిపోతుంది.

వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి మొదలుకొని పేటపేటా ఉన్న తెలుగు సంఘాలకు నా విన్నపం ఇది. ఉగాదికి, కార్తీక వనభోజనాలకు ఇంత శ్రద్ధగా మనుషుల్ని కూడగట్టగలుగుతున్నారు. వారానికి ఒక పూట ఒక హాలు, రెండు చాపలు, పిల్లల్ని చూసే ఇద్దరు మనుషులు ఇవ్వండి. బెంగళూరులో కొత్తగా ఏర్పడిన అయిదు కార్పొరేషన్లు పేటల్లోని చిన్న సర్కారు ఆసుపత్రులైన నమ్మ క్లినిక్‌లలోనూ, రాష్ట్ర ప్రభుత్వం అంగన్‌వాడీలలోనూ సాయంత్రం వేళ చోటిస్తే షెడ్లలో ఉండేవాళ్లూ రాగలుగుతారు. బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వారి సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ ఉంది. తెలుగు తెలిసిన తల్లిదండ్రులు కొందరికి బృందం నడిపే శిక్షణ ఇవ్వమని సంఘాలు కలిసి వారిని అడగాలి.

మా డే కేర్‌లో పెద్ద గది ఆదివారం ఉదయం ఖాళీగానే ఉంటుంది, అద్దె లేకుండా ఇస్తాను. మా పిల్లల తల్లిదండ్రులకు కాదు, వేరే పేటల నుంచి వచ్చేవాళ్లకు. ఆ గదిలోకి నేను రాను. వాళ్ల పిల్లల్ని పక్క గదిలో చూసుకుంటాను. తెలుగులో బృందం నడపగల కౌన్సెలర్లు గానీ సామాజిక కార్యకర్తలు గానీ ముందుకు వస్తే వచ్చే నెల నుంచే మొదలుపెట్టవచ్చు. వారి ఉత్తరాలు మీ కార్యాలయానికి వస్తే దయచేసి నాకు అందజేయండి.

ఇట్లు,
ఒక డే కేర్ నిర్వాహకురాలు,
మారతహళ్లి, బెంగళూరు