శిఖం లేని చెరువు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లో చెరువుల సుందరీకరణ పేరిట జరుగుతున్న పనుల గురించి, చాలా ఏళ్లు జీవశాస్త్రం బోధించినవాడిగానూ, ఇరవై రెండేళ్లుగా ఒక చెరువు పక్కనే నివసిస్తున్నవాడిగానూ నాకు కలిగిన ఆందోళనను మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి, తోటి పాఠకుల దృష్టికి తేదలిచాను. మా కాలనీని ఆనుకుని ఉన్న చెరువుకు చుట్టూ రాతిగోడ కట్టి, దాని మీద నడకదారి, ఇనుప కంచె, దీపాలు ఏర్పాటు చేయబోతున్నారని ఈమధ్య తెలిసింది. ఆక్రమణల నుంచి చెరువును కాపాడాలన్న సంకల్పాన్ని నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. అయితే నాలుగు వైపులా నిలువు గోడ లేచిన చెరువు నీళ్లతొట్టిగా మారుతుందే తప్ప చెరువుగా బతకదని చెప్పక తప్పడం లేదు.

మన చెరువులకు కట్ట ఒక వైపే ఉంటుంది. పూర్వులు పల్లానికి అడ్డంగా మట్టికట్ట పోసి, మిగిలిన వైపుల నీటిని నేల వాలుకు వదిలేశారు. అందువల్ల కట్ట దగ్గర నిలువెత్తు లోతు ఉంటే, ఎగువకు వెళ్లేకొద్దీ అది నడుము లోతు, మోకాటి లోతు అయి చివరికి కాలు దిగబడే తడినేలగా మారుతుంది. నీరు తీసినప్పుడు బయటపడే ఈ నేలనే శిఖం అంటాం. ఎండాకాలంలో అక్కడ దోస, కర్బూజ తీగలు పాకేవి, పశువులు మేసేవి, వానాకాలం రాగానే అదంతా మళ్లీ నీటి కిందికి వెళ్లిపోయేది. రెవెన్యూ రికార్డుల్లో ఒక భూమి రకంగానే కనిపించే ఈ శిఖం మీదే చెరువులోని జీవరాశిలో అధిక భాగం ఆధారపడి ఉంది.

దీనికి కారణం వెలుతురు. లోతు తక్కువైన చోట సూర్యకాంతి అడుగు దాకా చేరుతుంది కాబట్టి తుంగ, జమ్ము వంటి మొక్కలు బురదలో వేళ్లూనుకుంటాయి. వాటి కాడల మీద పాకుడు పేరుకుంటుంది, ఆ పాకుడును నత్తలు, చిన్న పురుగులు తింటాయి, ఆ పురుగులను తూనీగ పిల్లలు, చేపపిల్లలు తింటాయి. తెలంగాణ రాష్ట్ర చేపగా మనం గౌరవించుకుంటున్న కొర్రమీను గుడ్లు పెట్టేది లోతు నీటిలో కాదు. ఒడ్డున గడ్డీగాదం ఉన్న పల్చని నీటిలో చోటు చేసుకుని అక్కడే గుడ్లు పెడుతుంది, పిల్లలు గుంపుగా తిరగడం మొదలుపెట్టాక కూడా తల్లిదండ్రులు వాటిని కాచుకుని ఉంటాయి. నత్తగుల్ల కొంగ, ఉల్లంకి వంటి పక్షులకు ఈదడం కాదు, నీటిలో నిలబడడం తెలుసు. వాటికి కావలసింది కాలు ఆనే లోతు. నిలువు గోడ పక్కన ఆ లోతు ఎక్కడా దొరకదు.

నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలను ఏటా ఒకసారి ఈ చెరువుకు తీసుకువచ్చేవాడిని. కట్ట దగ్గర ఒక బకెట్ నీరు, ఎగువ అంచున మరో బకెట్ నీరు తోడి, టీ వడపోసే జల్లెడతో వడకట్టి, తెల్ల పళ్లెంలో పోసి చూడమనేవాడిని. కట్ట దగ్గరి నీటిలో ఏవో నాలుగైదు కదిలేవి. అంచు నీటిలో ఉన్నవాటిని లెక్కపెట్టలేక పిల్లలు మధ్యలోనే చేతులెత్తేసేవారు. పుస్తకంలోని ఆహారపు గొలుసు బొమ్మ కన్నా ఆ తెల్ల పళ్లెమే వారికి ఎక్కువ కాలం గుర్తుండిపోయింది. ఇప్పుడు ముప్పై దాటిన పాత విద్యార్థులు దారిలో కనబడితే ఇప్పటికీ దాని సంగతి ఎత్తుతారు.

ఇక దోమల సంగతి. గోడ కడితే చెరువు శుభ్రంగా ఉంటుందని, దోమలు తగ్గుతాయని మా కాలనీలో చాలామంది నమ్ముతున్నారు. దోమపిల్లలను తినేవి ఆ అంచులో పెరిగే చేపపిల్లలూ తూనీగ పిల్లలే. వాటి చోటు పోగొట్టి, మురుగు మాత్రం యథావిధిగా వదిలితే నీటి మీద గుర్రపు డెక్క కమ్ముకుంటుంది, దాని ఆకుల మధ్య నిలిచిన నీటిలో దోమలకు ఎదురే ఉండదు. ఆ తరువాత గుర్రపు డెక్కను యంత్రాలతో తీయించడానికి, సాయంత్రాలు పొగ కొట్టించడానికి ఏటా డబ్బు వెచ్చించవలసి వస్తుంది.

మురుగుతో వచ్చే నష్టం కంటికి కనబడే నురుగు, ముక్కుకు తెలిసే వాసనతో ముగియదు. అందులోని నత్రజని, భాస్వరం పొలంలో ఎరువుల లాగే పనిచేసి నీటిలో నాచును విపరీతంగా పెంచుతాయి. పగటిపూట ఆ నాచే ప్రాణవాయువును విడుదల చేస్తుంది, రాత్రి వెలుతురు లేక తానే దాన్ని పీల్చుకుంటుంది, చనిపోయిన నాచును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మిగిలినదాన్ని వాడేసుకుంటాయి. ప్రాణవాయువు అన్నిటికన్నా తగ్గేది తెల్లవారుజామున. చేపలు తేలిపోయాయన్న కబురు ఎప్పుడూ ఉదయం నడకకు వెళ్లినవారి నోటి నుంచే రావడానికి కారణం ఇదే. శిఖంలోని జమ్ము, తుంగ ఈ పోషకాలలో కొంత పీల్చుకుని, వచ్చే మట్టిని వేళ్ల దగ్గర నిలిపి, నీటిని కాస్త తేర్చి లోపలికి పంపుతాయి. అవి మురుగు శుద్ధి కేంద్రాలకు ప్రత్యామ్నాయమని నేను అనడం లేదు. ఉన్న ఆ కాస్త ఆసరాను కూడా మన చేతులతో మనమే తీసివేయవద్దని మాత్రం వేడుకుంటున్నాను.

ఇక్కడ మరో విషయం చెప్పాలి, దీన్ని మనం తగినంతగా పట్టించుకోవడం లేదనిపిస్తుంది. మన చెరువులు ఏడాది పొడవునా నిండుగా ఉండటానికి తవ్వినవి కావు. వానాకాలంలో నిండి, తూముల ద్వారా ఆయకట్టుకు పారి, వేసవి నాటికి అడుగంటి, తొలకరికి ఖాళీ కడుపుతో సిద్ధంగా ఉండేవి. ఎండిన అడుగు మట్టికి గాలి తగిలి బురద కుళ్లు విరిగేది, రైతులు ఆ ఒండ్రును పొలాలకు తోలుకునేవారు. ఇప్పుడు ఆయకట్టు మీద అపార్టుమెంట్లు లేచాయి, తూములు పూడిపోయాయి, మురుగు మాత్రం మండుటెండల్లోనూ ఆగకుండా వస్తోంది. వేసవిలోనూ నిండుగా ఉన్న చెరువును చూసి మనం సంతోషిస్తాం, కానీ పెద్ద వాన పడ్డ రోజు ఆ నీటిని పట్టడానికి దానిలో చోటే ఉండదు.

ఆ లోటు ఎంత ప్రమాదకరమో ఈ నగరం చూసింది. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. 2020 అక్టోబరు 13న బేగంపేటలో 19 సెంటీమీటర్లు దాటింది, ఆ తరువాతి రోజుల్లో పాతబస్తీ వైపు చెరువు కట్టలు తెగి ఇళ్లు మునిగాయి, ప్రాణాలు పోయాయి. అంతకు చాలా ముందు, 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది మందిని పొట్టన పెట్టుకున్నప్పుడు, ఎగువన గొలుసుకట్టు చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగిపోవడం ఆ ఉపద్రవాన్ని మరింత పెంచింది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతోనే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. మన చెరువులలో ఏదీ ఒంటరిది కాదు. పై చెరువు అలుగు నీరే కింది చెరువుకు ఆధారం. మధ్యలోని కాలువ మీద లేఅవుటు వేస్తే కింది చెరువుకు వాన నీరు అందదు, పైనున్న కాలనీ మునుగుతుంది. అయినా కాలువల సర్వే మీద పెట్టే శ్రద్ధ కన్నా కంచెల రంగు మీద పెట్టే శ్రద్ధే ఎక్కువగా కనబడటం నన్ను బాధిస్తోంది.

పైగా మన నగరం కూర్చున్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు రాతి మీద. ఆ రాతిలో నీరు నిలిచేది పైనున్న చివికిన పొరలోనూ పగుళ్లలోనూ మాత్రమే. కాంక్రీటు పరిచిన నేల వానను నాలాలోకి తోసేస్తుంటే, ఆ పొరకు నీరు అందించే దారుల్లో మనకు మిగిలినవి చెరువులు, వాటి చుట్టూ ఉన్న పచ్చినేల. అంబర్‌పేటలో దాదాపు ఆనవాలు లేకుండా పోయిన బతుకమ్మ కుంటను 2025లో తవ్వితే నీరు ఊరింది. ఆ పని చేసినవారిని అభినందిస్తున్నాను. నేల మరచిపోలేదని అది చూపింది.

గోడ లేకపోతే ఆక్రమణలు ఆగవని కొందరు మిత్రులు నాతో వాదించారు. వారి భయం న్యాయమైనదే. కానీ గోడను ఎఫ్‌టీఎల్ రేఖకు, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దుకు, లోపల కట్టినప్పుడు జరుగుతున్నదేమిటో చూడండి. గోడ అవతల మిగిలిపోయిన శిఖం భూమి ఇక చెరువు కాదన్న భావన కలుగుతుంది, మట్టి పోసేవారికి ఆ గోడే సాక్ష్యంగా నిలుస్తుంది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల దాకా భవనాలు రాకూడదని మన నిబంధనల్లోనే ఉంది. హద్దురాళ్లు, చెట్ల వరుస, నడకదారి, అన్నీ ఆ రేఖకు బయట పెట్టుకోవచ్చు. శిఖంలో పట్టాలున్న రైతులకు న్యాయమైన పరిహారం ఇవ్వాలి. నీరు తీసినప్పుడు సాగు చేసుకునే హక్కున్న వారిని ఆక్రమణదారులతో కలిపి చూడటం అన్యాయం.

సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ పెద్ద చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. అక్కడికి పక్షులు వచ్చింది దీపాలను చూసి కాదు, పల్చని నీటిని చూసి. అదే సమయంలో హుస్సేన్ సాగర్‌ను తలచుకోవాలి. 1562లో కట్టిన ఆ చెరువు వయసులో ఈ నగరం కన్నా పెద్దది, అయినా దాని అంచులో అధిక భాగాన్ని మనం రోడ్లకు, తోటలకు ఇచ్చేశాం. నలభై ఏళ్ల లోపు వయసున్నవారికి దానికి ఒకప్పుడు వాలు ఒడ్డు ఉండేదని చెబితే నమ్మలేకపోతున్నారు.

మా చెరువు విషయంలో నేను ఒక కార్యాలయానికి మూడుసార్లు వెళ్లి వినతిపత్రం ఇచ్చాను, నమూనా చిత్రం చూపించమని అడిగాను. చిత్రంలో నాలుగు వైపులా గోడే ఉంది. పనులు ఇంకా మొదలుకాలేదు కాబట్టి సంబంధిత అధికారులను ఈ లేఖ ద్వారా మరోసారి కోరుతున్నాను. కట్ట వైపు నడకదారి వేయండి, ఆ కట్టను గట్టిపరచండి, తూమును తిరిగి తెరిపించండి. పడమటి వైపు, ఉత్తరం వైపు వాలును ఉన్నది ఉన్నట్టు వదిలేయండి. చెరువులోకి వచ్చే మూడు కాలువలలో రెండింటిలో మురుగు పారుతోంది, దాన్ని మళ్లించాకే మిగిలిన పనులకు నిధులు విడుదల చేయండి. వానలు మొదలవడానికి ముందే ఆ మూడు కాలువల సర్వే జరిపించి, హద్దుల పటాన్ని కాలనీవాసులందరికీ కనబడేలా చెరువు దగ్గరే ఒక బోర్డు మీద పెట్టించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
హైదరాబాద్