పాత గ్రూప్ ఫొటోలో ఎవరెవరో రాసుకుందాం

అందరికీ నమస్కారం. మన కుటుంబంలోని పెద్దవాళ్లంతా వరుసగా కూర్చున్న ఆ నలుపు తెలుపు ఫొటోలో ఎవరెవరో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు కొద్దిమందే. వాళ్లుండగానే పేర్లు రాసిపెట్టుకుందాం.

ఫ్రేమ్ విప్పినప్పుడు ఫొటో అద్దానికి అంటుకుని ఉంటే లాగొద్దు. తేమ తగిలితే ఫొటో మీదున్న జిలటిన్ (జిగురులాంటి పదార్థం) పొర మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటుంది. లాగితే మొహాలే ఊడొస్తాయి. అద్దంతోనే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయించండి. ఆ స్కాన్‌ను వాట్సాప్ గ్రూపులో మామూలు ఫొటోగా పెడితే నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పెట్టండి.

తర్వాత ఒక జిరాక్సు తీసి, వెనక వరుస నుంచి, ఎడమ నుంచి కుడికి అంకెలు వేయండి. ఉత్త 'అత్తయ్య', 'బాబాయి' అని రాయకండి. ఒకరికి మేనత్త, ఇంకొకరికి అమ్మ, మరొకరికి పిన్ని. పూర్తి పేరు, ఎవరి సంతానం, ఆడవాళ్లకైతే పుట్టింటి ఇంటిపేరు కూడా ఉండాలి. పెద్దవాళ్లను నేరుగా పేర్లడిగితే తడుముకుంటారు. "ఇది ఎవరి పెళ్లి? చంకలో పిల్ల ఎవరు?" అని అడిగితే ఒక్కొక్కటే గుర్తొస్తాయి. ఆ మాటలు ఫోన్లో రికార్డు చేయండి, ఆ గొంతులూ మనకు కావాలి.

అసలు ఫొటో వెనక బాల్‌పెన్ వాడొద్దు, ఒత్తు ముందువైపు తేలుతుంది. మెత్తని పెన్సిల్‌తో అంచున రాస్తే చాలు.