సెక్షన్ చెప్పి చలానా రాయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. కిందటి వారం మీ జిల్లా పేజీలో హెల్మెట్ స్పీకర్ల మీద వచ్చిన వార్త చూసి ఆ పూటే రాద్దామనుకున్నాను. పై అధికారులు ఎవరైనా వివరణ ఇస్తారేమో, లేదంటే మర్నాడు మీరే సవరణ వేస్తారేమో అని ఆగాను. రెండూ జరగలేదు. ‘హెల్మెట్‌లో స్పీకర్లు పెట్టుకుని బండి నడపడం చట్టరీత్యా నేరం, భారీ జరిమానా తప్పదు’ అని రాశారు. ఏ చట్టం, ఏ సెక్షన్, ఆ భారీ అనేది ఎంత భారీ అన్నది మాత్రం రాయలేదు. జరిమానా కట్టేవాడికి కావాల్సింది అదే కదండీ.

మా అబ్బాయి పార్సిళ్లు వేసే పనిలో ఉన్నాడు. కర్నూలు రోడ్డు, పేర్నమిట్ట, ఒక్కోసారి చీమకుర్తి దాకా. మీ వార్త వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. స్పీకర్లు వాడికి షోకు కోసం కాదు, అడ్రసుల కోసం. ఎడమకు తిరగండి, కుడికి తిరగండి అని మ్యాపు చెబుతుంటే రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పక్కర్లేదు. లేకపోతే ఏం చేస్తారో రోజూ చూస్తూనే ఉన్నాం. హెల్మెట్‌కీ చెంపకీ మధ్య ఫోను ఇరికించి, మెడ ఒక పక్కకు వాల్చి, అద్దంకి బస్టాండ్ రద్దీలో బస్సుల మధ్య నుంచి దూరిపోతుంటారు. ఆ ఫోను జారిందంటే పట్టుకోవడానికి హ్యాండిల్ వదిలేస్తారు.

మీ విలేకరి ఈ స్పీకర్లను చూసి రాసినట్టు లేదు. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దవి, పలచటి బిళ్లలు రెండు. హెల్మెట్ లోపల చెవులు వచ్చే చోట గుడ్డ వెనక అతికిస్తారు. సన్నటి వైరు లైనింగ్ కింద నుంచి వెళ్లి ఎడమ పక్క అంచుకు తగిలించిన చిన్న డబ్బాకు చేరుతుంది. గ్లవుజులు తీయకుండానే నొక్కగలిగే బటన్ ఒకటి ఉంటుంది. చెవిలోకి ఏదీ దూరదు, బయటి హారన్ వినపడుతుంది. మాట్లాడితే బండి యాభై దాటాక గాలి హోరుకి స్పీకరే సరిగా వినపడదు. చెవిలో బిరడాలా బిగించుకునే ఇయర్‌బడ్స్ సంగతి వేరు. మీరు రెంటినీ ఒకే గాటన కట్టేశారు.

వాల్యూమ్ పెంచి పాటలు పెట్టుకుని నడిపేవాళ్లను వెనకేసుకురావడం లేదు నేను. చేతిలో ఫోను లేకపోయినా గంటల తరబడి కబుర్లు చెప్పుకుంటూ నడిపితే ధ్యాస రోడ్డు మీద ఉండదని కూడా ఒప్పుకుంటాను. అలాంటివాళ్లను ఆపండి, ఫైన్ వేయండి. వేసేటప్పుడు దేనికి వేస్తున్నారో చెప్పండి.

మోటారు వాహనాల చట్టానికి 2019లో సవరణ చేశారు. ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రమాదకరంగా నడపడం గురించి చెప్పే 184వ సెక్షన్‌లో ‘చేతిలో పట్టుకునే’ కమ్యూనికేషన్ పరికరాలు వాడటాన్ని చేర్చారు. మొదటిసారి దొరికితే ₹1,000 నుంచి ₹5,000 దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. తర్వాత 2020 అక్టోబర్ 1 నుంచి కేంద్రమే ఇంకో నిబంధన తెచ్చింది. దారి చూసుకోవడానికి మాత్రం, డ్రైవర్ ధ్యాస చెడకుండా, ఆ పరికరాన్ని వాడుకోవచ్చని. హెల్మెట్ స్పీకర్ చేతిలో పట్టుకునేది కాదు, చట్టంలో దాని పేరే లేదు. అలాగని దాన్ని వాడుకోండి అని రాసిపెట్టిందీ లేదు. పాటల మోతలో వెనక బస్సు హారన్ వినకుండా ఎవడైనా బండి అడ్డంగా తిప్పితే అదే 184 కింద కేసు రాయొచ్చు. ప్రత్యేకంగా శిక్ష చెప్పని తప్పులకు 177 ఎలాగూ ఉంది, మొదటిసారి ₹500. అంటే తప్పు స్పీకర్ పెట్టుకోవడంలోనే ఉందా, పెట్టుకుని నడిపిన తీరులో ఉందా? ఈ ముక్క తేల్చకుండా నేరం అని రాసేస్తే రోడ్డు మీద ఏం జరుగుతుంది?

జరిగేది చెబుతాను. ఊళ్లో ఒక సెంటర్లో మావాణ్ణి ఆపారు. హెల్మెట్ తీయమన్నారు. చెంపల దగ్గరి మెత్త పట్టుకుని లాగితే ఒక పక్క ఊడి వచ్చింది. “పేపర్లో చూడలేదా” అన్నారట. చూశానండీ, ఏ సెక్షన్ అని అడిగితే, ఎదురు మాట్లాడుతున్నావా అన్నారు. చలానా రాస్తే అందులో సెక్షన్ కూడా రాయాలి కాబట్టి కాబోలు, రాయకుండానే పంపేశారు. ఊడిన మెత్త మళ్లీ అతికించుకోవడం మా వంతు.

జనానికి గుర్తుండే ఉంటుంది, 2023లో ఇలాగే వాట్సాప్‌లో ఒకటి తిరిగింది. మన రాష్ట్రంలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బండి నడిపితే ₹20,000 ఫైన్ అని. చివరికి రవాణా శాఖే అలాంటిదేమీ లేదని చెప్పుకోవాల్సి వచ్చింది. వాట్సాప్ అంటే అడిగేవాడు లేడు. పేపరు కూడా అదే దారి పడితే మేము ఎవర్ని నమ్మాలి?

వినపడకపోతే ప్రమాదం అంటారు కదా, ఆ సంగతే చూద్దాం. వినికిడి లేనివాళ్లు కూడా డ్రైవింగ్ పరీక్ష పాసైతే లైసెన్సుకు అర్హులేనని ఢిల్లీ హైకోర్టు 2011లోనే చెప్పింది. మరి మిగతావాళ్లకు రోడ్డు మీద వినపడుతున్నదేమిటి? చీమకుర్తి నుంచి గ్రానైట్ రాళ్లు వేసుకొచ్చే లారీలు వెనక నుంచి కొట్టే హారన్‌కి బండి మీద ఉన్నవాడు ఉలిక్కిపడి పక్కకు పడిపోయేలా ఉంటాడు. రకరకాల రాగాలు తీసే హారన్లు, చెవులు చిల్లులు పడే హారన్లు ఉండకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వ రూల్ ఉంది. అవసరం లేకుండా హారన్ కొడితే ₹1,000 అని 194ఎఫ్ సెక్షన్ ఉంది. ఆ లారీల్లో ఒక్కదాన్ని ఆపి హారన్ పీకించిన వార్త మీ జిల్లా పేజీలో నేను చదివిన గుర్తు లేదు. రాయి వేసుకొచ్చే లారీ మీద లేని చట్టం పార్సిల్ మోసే పిల్లాడి మీదికి మాత్రం పరుగెత్తుకొస్తుంది.

ఇంకొకటి. చట్టాన్ని అమలు చేయాల్సినవాళ్లే తప్పు చేస్తే రెట్టింపు జరిమానా కట్టాలని 210బి సెక్షన్ చెబుతోంది. చర్చి సెంటర్లో కాసేపు నిలబడితే యూనిఫాంలో ఉండి, హెల్మెట్ లేకుండా, చెవి దగ్గర ఫోను పెట్టుకుని బండి మీద పోయేవాళ్లు కనిపిస్తారు. ఆ రెట్టింపు ఎవరు ఎప్పుడు కట్టారో చెబితే విని సంతోషిస్తాం.

హెల్మెట్ల మాటకొస్తే, 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ మార్కు లేని హెల్మెట్ అమ్మడమే కుదరదు. మన రోడ్ల పక్కన తాడు కట్టి వేలాడదీసినవాటిని ఒకసారి చేత్తో నొక్కి చూడండి, సొట్ట పడుతుంది. స్టిక్కర్ మాత్రం మెరుస్తూ ఉంటుంది. అది పెట్టుకున్నవాడు చెకింగ్‌లో పాస్. మంచి హెల్మెట్ కొని, పట్టీ బిగించి, లోపల చిన్న స్పీకర్ పెట్టుకున్నవాడు దొంగ! హెల్మెట్ రూలు సరిగా అమలు చేయడం లేదని 2024లో మన హైకోర్టు పోలీసులను నిలదీసిన తర్వాత కూడా ఇదీ వరస. స్పీకర్ అతికించడానికి లోపలి థర్మోకోల్ చెక్కేస్తే దెబ్బ ఆపే బలం పోతుంది, అలా చెక్కకూడదు. ఇలాంటి పనికొచ్చే మాట ఒక్కటైనా మీ వార్తలో ఉంటే బాగుండేది.

జిల్లా రవాణా అధికారి, ఎస్పీ గారు కలిసి ఒక ప్రకటన ఇవ్వాలి. దారి చెప్పే స్పీకర్ ఉండొచ్చా, కూడదా. ఉండొచ్చంటే పాటల సంగతేమిటి, ఫోను మాట్లాడటం సంగతేమిటి. కూడదంటే ఏ సెక్షన్, ఎంత. కార్లో స్పీకర్లు మోగించుకుంటూ పోయేవాళ్లకు ఏ రూలో అదీ చెప్పాలి. ఆ కాగితం ప్రతి సెంటర్లో డ్యూటీ చేసేవాళ్ల దగ్గర ఉండాలి, మీరూ దాన్ని ఉన్నదున్నట్టు వేయాలి. ఎల్ఎల్ఆర్ పరీక్షకు వచ్చే పిల్లల్ని సైన్ బోర్డుల గురించి ఎలాగూ అడుగుతారు, ఈ ప్రశ్న కూడా అందులో చేర్చండి. ముందు జవాబు ఏదో ఆఫీసువాళ్లు తేల్చుకోవాలి, అంతే.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సంతపేట, ఒంగోలు